ప్లాట్ నంబర్ 114

శామీర్‌పేట దాటాక, అమ్ముడుపోని వెంచర్లో
నున్నగా పరిచిన నలభై అడుగుల రోడ్డు.
రెండు వైపులా తెల్లరాళ్లు, రాళ్ల మీద ఎర్ర అంకెలు.
రావలసిన ఇళ్లేవీ రాలేదు కనుక
ఆదివారాలు అది మా రన్‌వే.

పది నెలలు పట్టింది దీన్ని కట్టడానికి.
బాల్సా చెక్క, బ్లేడు, వేళ్ల మీద ఎండిన జిగురు.
రెక్కకొకటి చొప్పున రెండు ఇంజన్లు,
ఒక్కొక్కటీ నిమ్మకాయంత.
"కుక్కరే నయం, మూడు విజిల్సిచ్చి ఊరుకుంటుంది"
అన్నాడు మా ఆయన.
ఆముదం కలిసిన ఇంధనాన్ని
వంటింట్లో పాత చున్నీతో వడగట్టిన రాత్రి
అంతకంటే ఏమీ అనలేక కిటికీలు తెరిచాడు.

బాలనర్సయ్యగారు హెచ్చెంటీలో
ముప్పై ఏళ్లు లేతు తిప్పిన మనిషి.
రోడ్డు మీద గొంతుక్కూర్చుని, కళ్లు మూసుకుని,
ఒక సూది కాస్త, ఇంకో సూది కాస్త.
రెండింటికీ వేగం కుదరకపోతే శబ్దంలో ఒక అల ఊగుతుంది,
వూఁ... వూఁ... అని.
ఆ అల సాగి సాగి, పలచబడి, అణిగిపోయాక
"ఇగ పోనియ్యి" అంటాడు.

పోయింది.
కరెంటు తీగకి ఇవతలే, తాటిచెట్టంత ఎత్తు అందిందో లేదో
ఎడమది ఆగింది.

ముందు చెవికి తెలియలేదు.
ఒకటి పోతే సగం శబ్దం పోతుందనుకుంటాం,
చారులో చెంబెడు నీళ్లు పోసినట్టయింది, అంతే.
ఏది పోయిందో చెప్పడానికి రెండింటిదీ ఒకటే గొంతు.
ముక్కు మాత్రం ఎడమకు తిరిగింది,
ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు.
ఎడమ రెక్క వంగింది.

చేతులకు తెలిసిన లోకజ్ఞానం ఒకటే:
పడుతుంటే లేపు. చాలకపోతే పెంచు.

ముక్కు లేపితే వేగం పోతుంది.
వేగం పోయాక చుక్కాని చీకట్లో స్విచ్చి వెతికే చెయ్యి.
పెంచావా, పెరిగేది బతికున్నదాని బలమే.
అది ఎంత ప్రాణం పెట్టి లాగితే
అంత తొందరగా చచ్చినదాని మీదకు తిప్పి
వెల్లకిలా పడేస్తుంది.
ఆగిన ఇంజన్ ఎవర్నీ కూల్చదు. ఆగనిది కూలుస్తుంది.
ఇదంతా నోట్‌బుక్కులో రాసుకున్నాను, కిందగీత కూడా గీశాను.
నా బొటనవేళ్లు ఆ నోట్‌బుక్కు చదవలేదు.

"గుంజకు బిడ్డా. తగ్గియ్యి."
వెనక నుంచి, చాయ్ అడిగినంత మెల్లగా.
"బతికున్నదాన్నే తగ్గియ్యి. ముక్కు దించు. రడ్డర్ కుడికి."

తగ్గించాను.
ఏ తప్పూ చేయని ఇంజన్ గొంతు
నా వేలితో నేనే నొక్కాను.
నేల వైపు వంచాను, నేల భయంతోనే.
వేగం తిరిగొచ్చింది, దాని వెనకే చుక్కాని.
రెక్కలు సమమయ్యాయి.
ఇక వెనక్కి తిప్పి రోడ్డు మీదకే తెద్దామని ఆశ.

"రోడ్డున్నదని రోడ్డుకే రావాల్నా?
ఎదురుంగ ఏడుంటే ఆడ్నే దించు."

ఎదురుగా తంగేడు పొదలు, ఖాళీ నీళ్ల ట్యాంకరు,
ఐదు గొర్రెలు, ఫోన్ చూసుకుంటున్న వాటి కాపరి.
నూటపదకొండు దాటింది. నూటపన్నెండు.
ట్యాంకరుకు చేతెడు పక్కగా
నూటపద్నాలుగులో ఎండుగడ్డిలోకి దిగింది,
జుట్టులోకి దువ్వెన దిగినట్టు.
కాపరి తలెత్తలేదు.

నడిచే వెళ్లాం. ఆయన మోకాళ్లు పరిగెత్తనివ్వవు.
ఒక చక్రం ఊడింది, కుడి పంకాకు గడ్డి చుట్టుకుంది.
ఎడమదాని సూది విప్పి, ఎండకు పట్టి,
గోటితో లాగాడు ఒక పోగు.
నీలం రంగు. నా చున్నీదే.

ఏమీ అనలేదు.
అల్వాల్ సిగ్నల్ దగ్గర, రెక్కను ఒళ్లో పెట్టుకుని,
ఎర్రలైటు వంక చూస్తూ అన్నాడు:

"వచ్చే ఐతారం మంచిగ మీదికి పోనిచ్చి
ఒకదాన్ని మనమే బంద్ జేద్దం.
ఏదని మాత్రం నీకు చెప్ప."