తొడిమ

మార్చి నెల. గుంటూరు పెద్దాసుపత్రి, చర్మవ్యాధుల ఓపీ.
ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం వరండాలోనే ఆగిపోయింది.
టోకెన్ నలభై ఆరు: తాళ్ళూరి దీనమ్మ, ఏటుకూరు రోడ్డు.
ఆమెకంటే ముందు ఆమె ఘాటు లోపలికొచ్చింది.
నేనూ, నర్సూ, నలభై ఏడో నంబరు పసివాడూ
వరసగా తుమ్మాం.
"ఏమనుకోకండమ్మా, ఎన్ని నీళ్ళు పోసుకున్నా ఇది పోదు."

చేతులు బల్ల మీద పెట్టింది.
వేళ్ళ కొసల్లో తెల్లటి పొట్టు,
కణుపుల దగ్గర
మినుము పీకేసిన నల్లరేగడి నెర్రెలు.
"రేషను మిషను నా వేలు గుర్తుపట్టట్లేదు.
మూడు నెల్లుగా బియ్యం మా మరిది వేలి మీదొస్తన్నాయి.
ఆడి వేలికి పొగరెక్కింది."

పరీక్ష కోసం బట్టీపట్టిన పేజీ గుర్తొచ్చింది.
ప్రోటియేజులు. వాటి పేర్లు, అంకెలు, బాణం గుర్తులు.
ఇవన్నీ ఈ చేతులకెలా చెప్పను?
"మీ చర్మంలో కూడా కూలీలున్నారు దీనమ్మా.
పాతబడిన పొట్టుకీ పొట్టుకీ మధ్య లంకె తెంపడం వాళ్ళ పని.
సరిగ్గా తెంపితే రోజూ రాలుతుంది, కంటికి ఆనదు.
చేతులు ముడుచుకుంటే వదలదు,
ఇలా దొంతర్లు దొంతర్లుగా లేస్తుంది."
"ఎందుకు ముడుచుకుంటారు?"
"తడి లేక."

ఆమె ఫక్కున నవ్వింది.
"అదా! ఎండుకాయ తొడిమా అంతే కదమ్మా.
ఉత్తినే లాగితే కాయ చిట్లుద్ది, గింజలు రాల్తాయి,
మేస్త్రి నోరు చేసుకుంటాడు.
రాత్రే నీళ్ళు చిలకరించి గోతాలు కప్పెడతాం.
తెల్లారేసరికి మెత్తబడి
ఇట్టా అంటే అట్టా ఊడొస్తది."
బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాల్లో తిప్పింది.
ఎనిమిదేళ్ళ చదువు
ఆ రెండు వేళ్ళ మధ్య తేలిగ్గా ఊడొచ్చింది.

కాసేపాగి సబ్బు సంగతడిగాను.
బట్టల సబ్బట. ఘాటు వదలకపోతే సోడా కూడానట.
"చర్మానికి కాస్త పులుపుండాలి.
ఆ కూలీల మీద మేస్త్రి ఆ పులుపే.
దాన్ని కడిగేస్తే అదుపు తప్పి
కింద పచ్చిపొరనీ తెంపేస్తారు. గోడ బీటలిచ్చి
లోపలి చెమ్మంతా ఆవిరైపోతుంది."
"మంటపుడితే మజ్జిగలో ముంచుతాం, మా అమ్మ కాడ్నించీ."
పుస్తకంలో మజ్జిగ లేదు.
అవుననలేదు, కాదనలేదు.

చీటీ మీద వాజెలిన్ రాశాను, తడి ఆరకముందే పూయాలని.
గ్లౌజులని కూడా రాయబోయాను.
"తొడుక్కుంటే తొడిమ దొరకదమ్మా.
మాకు కిలో లెక్కన కూలి."
"గ్లౌ" దగ్గర పెన్ను ఆగింది.
ఆ ముక్క అలాగే ఇచ్చేశాను.
మళ్ళీ వచ్చిందో లేదో తెలీదు, సోమవారాలు నా డ్యూటీ మారింది.

ఆ రాత్రి చేతులు కడుక్కుంటూ లెక్కపెట్టాను,
పొద్దుట్నించీ ఇది ఇరవై మూడోసారి.
నా వేలికొసల మీదా
ఎవరో పని మానేసి కూర్చున్నారు.
మెస్సులో అన్నం కలుపుకుంటే
పచ్చట్లో ఒక తొడిమ తగిలింది.
చిన్నది, వంకరది.
ఎవరి గోటి కింద నుంచి తప్పించుకొచ్చిందో,
కంచం అంచున పెట్టుకుని
తిన్నంతసేపూ చూశాను.