ఎడమ పెట్టె

ప్లాస్టింగు పడకముందే చెప్పాలంట.
తర్వాత చెప్తే మళ్ళీ గోడ పగలగొట్టాలంట.
మస్తాన్‌వలి నా చేతిలో సుద్దముక్క పెట్టి
"యాడ పెడదాం అన్నా, పాయింట్లు?" అంటాడు.

మా ముందుగది ఇప్పుడు
చీమకుర్తిలో ఏ క్వారీకీ తీసిపోదు.
కింద రజను, కిటికీ మీద రజను,
టీవీ ఉన్నచోట వెలవని తెల్లటి చదరం.
పదకొండున్నర అడుగులు ఇటు, పద్నాలుగు అటు.
టేపు ఒక కొస మలకొండమ్మ పట్టుకుంది,
రెండో కొస నేను.
ఇద్దరం ఒకదాన్ని ఇంత బిగుతుగా లాగి పట్టుకునేది
దుప్పట్లు మడతేసేటప్పుడే.

కర్నూలు రోడ్డు షాపులో కుర్రాడు
బిల్లు వెనక గీసిచ్చాడు:
రెండు పెట్టెలు, ఒక కుర్చీ,
మూడు పక్కలూ సమానం.
ఆ కుర్చీలో కూచుంటే
పాడే మనిషి పెట్టెల్లోంచి బయటికొచ్చి
రెంటి నడుమ, ఏమీ లేని చోట నిలబడతాడంట.
గోడకి ఆనించొద్దు, బానలో తలపెట్టి మాట్లాడినట్టుంటది అన్నాడు.
చెవి ఎత్తున పెట్టుకోండి అన్నాడు.
ఏ చెవో నేను చెప్పలేదు.

నా ఎడమ చెవి రామతీర్థం గుంటలో ఉంది.
పదిహేడేళ్లు డ్రిల్లు పట్టినా పోనిది
ఒక్క మధ్యాహ్నం పోయింది.
సైరను ముందా, రాయి ముందా
ఈరోజుకీ తేలలేదు.
చెవికి వాళ్లు కట్టిన ఖరీదు
పెద్దదాని నర్సింగు ఫీజు ఒక విడతకి సరిపోయింది.
ఆ రాయి మాత్రం నున్నగా, బంగారు చుక్కలతో
ఓడెక్కి పోయింది.

మస్తాన్‌కి ఇదంతా తెలుసు.
కుడిపక్కకి వచ్చి మరీ, మెల్లగా:
"ఒక్క పెట్టె చాలదా అన్నా?
రెండోదానికి తీగ దండగ."
మాటలో తప్పు లేదు.
మీటరు తీగ ఎంతో నాకూ తెలుసు.

వంగి సుద్దతో మూడు గీతలు గీశాను.
కొసన ఒక ఇంటూ గుర్తు.
"నువ్వు నిలబడు ఆడ."
"నేనెందుకు? పొయ్యి మీద పప్పుంది" అంటూనే
నిలబడింది మలకొండమ్మ, చేతిలో గరిటెతో.
మస్తాన్ చప్పట్లు కొట్టాడు. ఒక్కసారే.
నాకూ ఒకటే వినపడింది.
ఆమె తల ఎడమకి తిప్పి
ఎలుకని కనిపెట్టినట్టు కళ్ళు చిన్నవి చేసి
"ఆ మూల నించి తిరిగొస్తందే!
ఆడ నా బొంత వేలాడదీస్తే మింగదూ?" అంది.
ఏడు పాతచీరల బొంత.
అందులో ఒకటి నీలం వెంకటగిరి,
అద్దెకొంపలో నేనే ఇస్త్రీపెట్టెతో కాల్చింది.

షాపు కుర్రాడు కూడా ఇదే చెప్పాడు,
వేరే పేరుతో, వేరే ధరకి.

పద్నాలుగేళ్లుగా నాకు ఎడమనే నడుస్తుంది.
అటునించి వచ్చే టిప్పర్లు, పాలవాడి కేక,
పెళ్లిళ్లలో పక్కవాళ్ల వెటకారం,
అన్నీ మోచేత్తో నాకు అందిస్తుంది.
కొన్ని అందివ్వదు. అదీ నాకు తెలుసు.

కుర్చీ వద్దు, బల్ల చేయిద్దాం.
ఇంటూ గుర్తు మీద ఆమె.
నేను కుడికి జానెడు జరిగి.
పెట్టెల కిందకి ఫ్యాక్టరీ ఎనక పారేసిన తునకలు రెండు,
ఓడకి పనికిరానివి,
ఒకదాని అంచు బెసికింది, గోడవైపు తిప్పితే కనపడదు.
పాట నడిమికి వచ్చి నిలబడితే
యాడ నిలబడ్డాడో ఆమే చెప్తుంది.
"బట్టతలా?" అని అడుగుతాను.

"రెండూ రాసుకో మస్తానూ" అన్నాను.
కట్టరు ఆన్ చేశాడు.
ఎడమ గీత మీద ఇటుక ఎర్రగా లేచింది.
మలకొండమ్మ గరిటె చంకన పెట్టి
రెండు చెవులూ మూసుకుంది.
నేను ఒకటే మూసుకున్నాను,
రెండో చేతిలో సుద్ద ఉంది.