అయిదింట మూడు వంతులు

ఖండానికంతటికీ పోటీ అని గోడల మీద అంటించాం.
వచ్చినవి రెండు దేశాలు.
ఒకటి మాదే.

నాకప్పుడు పద్నాలుగేళ్లు.
మోంటెవిదేయోలో, రేవుకెళ్లే వీధి మలుపున
ఎచెగోయెన్ గారి గడియారాల కొట్లో
పళ్లచక్రాలకు నూనె వేసే పిల్లని.

ఏప్రిల్. మాకది ఆకులు రాలే నెల.
గ్యాసు కర్మాగారం నుంచి గుర్రబ్బళ్ల మీద బొగ్గుబూడిద తెచ్చి
పార్కులో గుండ్రంగా పరిచారు,
నీళ్లు చల్లారు, రోలరు లాగారు.
అయినా ముందురోజు రాత్రి వాన
మూడో మలుపులో ఒక మడుగు పెట్టి పోయింది.
సున్నపు గీతలు మా కళ్లముందే పాలల్లా విరిగాయి.

చిలీ వాళ్లు కొండలు దాటి వచ్చారు.
రైలు, మళ్లీ రైలు, రాత్రంతా ప్లాటా నది మీద స్టీమరు.
రేవులో దిగి, నేల ఇంకా ఊగుతోందన్నట్టు నడిచారు.
"వీళ్లా పరిగెత్తేది?" అని మావాళ్లు నవ్వారు.
అందులో ఒకడు నికనోర్ ఉయెంచుల్,
వల్పరైసోలో టెలిగ్రాములు పంచే కుర్రాడు.
వాడికి మెట్లు తెలుసు, కుక్కలు తెలుసు,
చావు కబురున్న కవరు చేతిలో ఎంత బరువో తెలుసు.
బయల్దేరిన చోటికే రావడానికి
ఇంత ఆయాసమెందుకో మాత్రం
తెలీదన్నాడు.

గీత దగ్గర మూడు మెట్ల బల్ల.
మెట్టుకొక మనిషి, మనిషికొక గడియారం.
మూడూ మూడు మాటలు చెబితే
నడిమి మాటే నిజమని రూలు.
అప్పట్లో సెకనును అయిదు ముక్కలే చేసేవాళ్లం.
అంతకన్నా సన్నగా తరిగే కత్తి
మా దగ్గర లేదు.

ఆఖరి చుట్టు.
మూడో మలుపు నీళ్లలో ఉయెంచుల్ ఎడమ బూటు ఉండిపోయింది.
వాడు వెనక్కి చూడలేదు.
ఒక కాలు టక్, ఒక కాలు చప్,
టక్, చప్,
నేనెరిగిన ఏ గడియారమూ
అంత కుంటుతూ అంత తొందరగా నడవలేదు.
జనం మావాడి పేరే అరుస్తున్నారు,
అరుస్తూ అరుస్తూ సగం పేరు దగ్గర ఆగిపోయారు.
మా యజమాని మెట్టు మీద లేచి నిలబడ్డాడు.
టోపీ తీశాడు.
ఆ క్షణాన ఆయన బొటనవేలు ఉండాల్సింది
టోపీ అంచు మీద కాదు.

మొదటి గడియారం, అయిదింట రెండు.
రెండోది, అయిదింట నాలుగు.
రాసుకునే ఆయన పెన్సిలు నాలుకకు అద్దుకుని
"ఎచెగోయెన్, మీది?" అన్నాడు.
పావలా చిల్లరకు కూడా రసీదు రాసే మనిషి,
జేబులోంచి చెయ్యి తియ్యకుండానే
"మూడు," అన్నాడు.
రాసేశారు.

ఇంటికి నడిచాం.
ఆయన కోటు లోపల అది నడుస్తూనే ఉంది.
నాకు వినబడుతోంది, ఆయనకీ వినబడుతోంది.
ఇద్దరం ట్రాముల చప్పుడు ఎక్కువైందని చెప్పుకున్నాం.

భోజనాల బల్ల మీద గుమ్మడి సూపు పక్కన పెట్టాడు.
"ఇంకా ఎవరు పరిగెత్తుతున్నారు?" అంది వాళ్లావిడ ఎర్మీనియా.
"చిలీ కుర్రాడు."
ఆవిడ నవ్వబోయి, ఆయన మొహం చూసి, గరిటె పక్కన పెట్టింది.
పొద్దున తాళం ఇచ్చింది నేనే, నిండుగా ఇచ్చాను.
సూపు చల్లారింది. దీపం ఒత్తి ఒకసారి కత్తిరించాం.
పదకొండు దాటాక ముల్లు కొంచెం వంగి,
ఇంకో అడుగు వేద్దామా అనుకుని,
మానుకుంది.

తర్వాత మూడు జెండాలయ్యాయి, అయిదయ్యాయి,
ఇప్పుడు లెక్క నాకు గుర్తుండదు.
సెకనును నూరు ముక్కలు చేసే యంత్రం వచ్చిందట.
మొన్న సంఘం నుంచి ఒకబ్బాయి, చంకలో పాత పద్దు పుస్తకంతో,
మా మూడో అంతస్తుకు ఆయాసపడుతూ ఎక్కొచ్చాడు.
"అమ్మా, ఈ మూడు సరైనదేనా?"
"ఆ గడియారానికి నూనె వేసింది నేను నాయనా,
అది ఎప్పుడూ తప్పు చెప్పలేదు," అన్నాను.
సంతోషంగా మాతే తాగి వెళ్లాడు.

బూటు సంగతి అడగలేదు.
సోమవారం తెల్లారగట్ల నేనే పోయి బురదలోంచి తీశాను.
కాలికి వదులుగా ఉందేమో,
మునివేళ్ల దగ్గర మడిచి కుక్కిన టెలిగ్రాం కాగితం.
ఎవరికి రావాల్సిందో.
తడిసి, అక్షరాలన్నీ నీలంగా కలిసిపోయి.