తొప్పికి రవ్వ

రవ్వ మరిచిపోయింది నేనే.
నల్లకుంటలో ఆటో ఎక్కేటప్పుడు
మృదంగం ఒళ్లో, గట్టం, రాయి సంచిలో,
నీళ్ల సీసా, శ్రుతిపెట్టె, అన్నీ లెక్కపెట్టాను.
తడిపిన రవ్వ డబ్బా మాత్రం
పేరిందేవి గారి వంటగట్టు మీద
మూత పెట్టినది పెట్టినట్టే ఉండిపోయింది.

చాంద్రాయణగుట్ట దగ్గర చెప్పాను.
ఆవిడ తిట్టలేదు.
"ఎడమ చెయ్యి ఇవాళ పస్తు" అన్నారు
జామపళ్ల బళ్లకేసి చూస్తూ.

అరవై రెండేళ్ల మనిషి.
ఎవరెవరి గొంతుల వెనకో కూర్చుని
తని వచ్చే ఆ పది నిమిషాల కోసం
మూడేసి గంటలు ఓపిక పట్టినావిడ.
ఒకసారెవరో సభ కార్యదర్శి
"ఆడవాళ్ల చేతిలో నాదం సున్నితంగా ఉంటుందండీ" అన్నాడట.
మర్నాడు మాకు పాఠమేమీ లేదు.
గోడమీది క్యాలెండరు ఊగేదాకా
ఒక్క "తోం" కొట్టించారు.

బార్కస్‌లో సాలం చావుష్ ఇల్లు.
చాప మీద ఐదుగురు మర్ఫా వాళ్లు,
నిప్పు సెగకు తోలు కాచుకుంటున్నారు.
వాళ్ల ముత్తాతలతో ఓడెక్కి వచ్చిన దరువు
ఇప్పుడు బరాతుల ముందు నడిచి
పొట్ట పోసుకుంటోంది.

"కాస్త ఉప్మా రవ్వ దొరుకుతుందా అమ్మా?"
పరదా వెనక కిసుక్కుమన్నారు.
గడప తొక్కగానే టిఫిను అడిగిందనుకున్నారేమో.
"నాకు కాదు, దీనికి."
తొప్పి చూపించారు.

రవ్వ లేదు. గిన్నెలో వచ్చింది
హరీసు కోసం నానబెట్టి నూరిన గోధుమ ముద్ద.
లోపల పొయ్యి మీద మాంసం కుతకుతమంటోంది.
ఆవిడింట్లో వెల్లుల్లి కూడా గడప దాటదు.
నేను ఆవిడ మొహంకేసి చూశాను.
"అలా చూడకురా,
ఈ మూత చెట్టుకు కాసిందా?"

ముద్ద అద్ది, బొటనవేలితో సర్ది
కొట్టారు.
మూలనున్న గిన్నెలో నీళ్లు వణికాయి.
పరదా వెనక నవ్వులు ఆగాయి.

ఆ దరువు మూడుకీ రెండుకీ నడుమ
ఎక్కడో కాలు ఎత్తి నిలబడుతుంది.
మేం వేళ్లు మడిచాం, విప్పాం, మళ్లీ మడిచాం.
"గిన్నా నక్కో అమ్మా, కంధా దేఖో"
అన్నాడు సాలం.
లెక్క వద్దు, భుజం చూడు.
యాభై ఏళ్లుగా తొడ మీద తాళం వేసిన చెయ్యి
ఒళ్లో పడుకుంది, నిద్రపోతున్న పిల్లిలా.

నవంబరులో చిక్కడపల్లిలో కచేరీ.
గెలిచామని చెప్పను.
తిశ్రంలోకి మళ్లే చోట
మేం అటు, వాళ్లు ఇటు.
ముందు వరస రసికుల చేతులు
గాల్లోనే ఆగిపోయాయి,
తెలియని ఊళ్లో బస్సు దిగినట్టు.
ఎంతసేపో. నాలుగు దెబ్బలో, నలభయ్యో.
అప్పుడు సాలం భుజం కదిలింది.
ఆవిడ ఎడమ మణికట్టు జారి
లోతుగా ఒక గుమికీ.
దాన్ని పట్టుకుని అందరూ ఎక్కారు.
ఎక్కలేకపోయింది నేనొక్కణ్ణే,
కంజీర ఒళ్లో పెట్టుకుని
చివరిదాకా నవ్వుతూ కూర్చున్నాను.

మర్నాడు పేపర్లో ఫ్యూజన్ అని రాశారు.
ఆవిడకా మాట నచ్చలేదు.
"ఫ్యూజు కొట్టేసినట్టుందిరా."

సోమవారం పాఠానికి
సాలం కూతురు హుదా వచ్చింది, తొమ్మిదేళ్లది.
తకధిమి ఉర్దూలో కుడి నుంచి రాసుకుంటోంది.
పక్కన మయూఖ్ గాడు ఎడమ నుంచి.
ఒకటే పీట, మోచేతులు తగిలి
ఇద్దరికీ కొట్లాట.
ఆవిడ కళ్లు మూసుకునే ఉన్నారు.
"మయూఖ్, నీది తప్పు.
హుదా, నీదీ."

పాఠం అయ్యాక తొప్పి మీది ముద్ద గీకి
కిటికీ గట్టు మీద పెడతారు.
ఈమధ్య రవ్వ కాదు,
బార్కస్ గోధుమే.
చీమలు వచ్చాయి.
వాటి నడకది ఏ జాతో
వేళ్లు మడవబోయి
ఆగాను.