మొరగని ఊరు

పరకాల మా ఊరికి పదకొండు మైళ్లు.
అడివి కూతవేటు.
రెంటి నడుమ రాత్రిపూట
ఒక్క కుక్క మొరిగేది కాదు.

రజాకార్ల ఏడు మొదలైందట.
జొన్నచేన్ల పిట్టల కొట్టే వడిసెలను
మా తాతమ్మ ఓదెమ్మ
మనుషుల మీదికి తిప్పిన ఏడు.
గుర్రాలకు, తుపాకులకు ఎదురుంగ
ఆమెకున్నయి గులకరాయి, చీకటి.
రాళ్లు వాగుల ఏరుకోవచ్చు.
చీకటికే ఖర్చు.
అడివి దిగి బువ్వకొచ్చేటోళ్ల మీద
కుక్క మొరిగితె గడీ దాకా ఇనవడుతది.
అందుకే ఒక అమాసనాడు
ఎవలింటి కుక్కను వాళ్లే
సద్దిబువ్వ చూపి పిలిచిన్రు.

ఆ లడాయిల మొదలు ఎవలు సచ్చిన్రో
స్తూపం మీద లేదు.
తాతమ్మకెరుక:
"మా సింగడు. తోక ఊపుకుంటనే వచ్చిండు."

నలభై ఏండ్లకు మళ్ల అదే అడివి.
కొత్త పిలగాండ్లు, పాత ఆకలి.
నాకప్పుడు ఏడేండ్లు.
నాయిన రాజిపోశం గోనెసంచి పట్టుకొని
వాకిట్ల నిలవడితె
కుక్కపిల్లను వడ్ల గుమ్మిల దాచిన.
అది గుమ్మిలకెల్లే మొరిగింది.

వారం తిరగలే, జీపులొచ్చినయి.
సారు ఏ తలుపూ కొట్టలే.
నడిబజార్ల నిలవడి చెవి వెట్టిండు.
"నూటిరవై ఇండ్లల్ల
ఒక్క కుక్క లేదేందిరా?"
మొరిగితె వాళ్లకు తప్పు,
మొరగకుంటె వీళ్లకు.

పదిహేడు దినాలకు నాయినను
ఎంజీఎం దవాఖాన మెట్ల మీద దించిపోయిన్రు.
అరికాళ్లు మెత్తవడ్డయి.
అటెన్క ఆయన ఇంట్ల నడిస్తె
చప్పుడు రాకపోయేది.
ఎనకకు తిరిగేసరికి ఉండేటోడు.

బడోళ్లు ఒకపారి
వరంగల్లు మట్టికోటకు తీస్కపోయిన్రు.
పెద్ద ఫౌజు రాళ్లు రువ్వితె
గోడ మింగి ఊకునేదట, గైడు చెప్పిండు.
"ఈ మట్టి ఎవలు మోసిన్రు సార్?"
బస్సు టైమైతుందన్నడు.

ఇప్పుడు ఊరంత కుక్కలే.
పట్టుకపోయే బండి తెప్పియ్యాలని
పంచాయితీల లొల్లి.
నడిజామున అవి అందుకుంటె
పట్నంకెల్లొచ్చిన చుట్టాలు
దుప్పటి ముసుగుల తిట్టుకుంటరు.
అమ్మ లేసి కూసుంటది.
చాకలోళ్ల ఎర్రది.
బడికాడి కుంటిది.
చెరువుకట్ట మీది రెండు.
ఏలు మడుసుకుంట లెక్కవెడుతది.
అన్ని మొరిగినంకనే
పక్కకు ఒరుగుతది.