నవ్వుల పద్దు

నేను నవ్వను.
వెనక వరసలో, మరుగుదొడ్డి తలుపు పక్కన కూచుని
లెక్క రాస్తాను.
నాలుగు నిలువు గీతలు, వాటి మీదుగా ఒక అడ్డగీత.
పెదవి మాత్రమే కదిలితే చుక్క.
దగ్గుని నవ్వు కింద కట్టను,
గూలేద్ ఎంత బతిమాలినా.

తమ్ముడికి కారు రాదు.
మూడుసార్లు పరీక్ష తప్పాడు,
మూడింటినీ స్టేజీ మీద అమ్ముకున్నాడు.
పగలు పళ్ళ డాక్టరు పక్కన గొట్టం పట్టుకునే నేనే
రాత్రి స్టీరింగు పట్టుకుంటాను.
కార్డిఫ్ నుంచి న్యూపోర్ట్, స్వాన్సీ, మెర్థర్,
గనులు మూతబడ్డ ఊళ్ళలో బార్ల పైగదులు,
బీరు తడికి చెప్పులంటుకునే నేలలు.
కూలి ఇరవై పౌండ్లు, ఒక డ్రింకు టోకెను.
వాడు తాగడు గనక
పద్నాలుగేళ్ళ టోకెన్లూ అమ్మ బొత్తాల డబ్బాలో చేరాయి.
ఏ ఆటలోనో గెలుచుకున్నవనుకుంటుంది.

మొదటేడాది పేజీలు తెల్లగానే ఉన్నాయి.
ఒక రాత్రి ఎవడో గ్లాసెత్తి "బాంబెక్కడ?" అన్నాడు.
వీడు జేబులన్నీ తడుముకుని
"అక్క బ్యాగులో పెట్టా.
ఆవిడ వెతికి తీసేలోపు మీరంతా ముసలివాళ్ళై పోతారు" అన్నాడు.
పదకొండు నవ్వులు.
తలలన్నీ వెనక్కి తిరిగాయి.
అప్పటికి నేను పెన్సిలు కోసం
మోచేతి దాకా బ్యాగులోనే ఉన్నాను.
అది పన్నెండోది.

జూన్‌లో వచ్చిన రంజాన్ ఒకటుంది.
తొమ్మిదిన్నర దాటితే గాని పొద్దు గూకదు,
వాడి వంతు తొమ్మిదింబావుకి.
ఎండిన నాలుకకి ఆఖరి మాట అంటుకుపోయి
నవ్వు రావలసిన చోట నిశ్శబ్దం వచ్చింది.
దిగొచ్చి, మీటరు పెట్టె పక్కన నిలబడి
ఖర్జూరం గింజ ఎక్కడ ఉమ్మాలో తెలీక
చాలాసేపు చప్పరిస్తూ ఉండిపోయాడు.

లండన్ నుంచి టీవీ ఆయన వచ్చాడు.
"ఎయిర్‌పోర్టు మీద ఏమైనా ఉందా?"
వీడు అప్పటికి విమానం ఎక్కి ఎరగడు.
వంటింట్లో కూచుని రాశాడు.
నలభై ఒకటి.
పద్దులో అంత అంకె మళ్ళీ పడలేదు.
ఆ రాత్రి బెల్టు పెట్టుకోవడం మరిచాడు, నేనూ చెప్పలేదు.
దారి పొడుగునా కారే కుయ్యిమంటూ వచ్చింది.

వాడికిష్టమైన జోకు వేరే ఉంది.
వేల్సులో మలుపు మలుపుకీ
రోడ్డు మీద బారెడు తెల్లక్షరాలు: అరఫ్.
వాళ్ళ భాషలో నెమ్మది అని.
ఓడ పనివాడి పెళ్ళాంగా దిగిన కొత్తలో మా అమ్మ
దాన్ని ఖురాన్‌లో ఏడో సూరా పేరనుకుంది,
అల్ ఆరాఫ్.
స్వర్గానికీ నరకానికీ నడుమ గోడ,
పాపం పుణ్యం సరిగ్గా తూగినవాళ్ళు
ఎటూ పోలేక నిలబడే ఎత్తు.
ఎంత భక్తిగల దేశం, తారు మీద కూడా రాసుకున్నారని మురిసి
అడుగు పడకుండా దాని మీంచి దూకేదట.

బార్లలో ఆ సూరా ఎవరికీ తెలీదు.
మసీదు విరాళాల విందులో అందరికీ తెలుసు,
ఇమామ్ గారు గడ్డం సర్దుకుంటారు.
సున్నా. సున్నా. ఒక దగ్గు.
తీసెయ్‌రా అంటే,
"ఉండనీ అక్కా, దానికింకా మనుషులు పుట్టలేదు."

మొన్న మెర్థర్‌కి అమ్మ కూడా వస్తానంది.
ఆకుపచ్చ శాలువా కప్పుకుని నా పక్కన కూచుంది.
వాడు అరఫ్ దాకా వచ్చాడు. దూకించాడు.
గదిలో చీమ చిటుక్కుమన్లేదు.
అమ్మ లేచి నిలబడి, సోమాలీలో, రేవులో కేకేసినట్టు,
"దూకలేదురా! దూకితే తప్పు!
చుట్టూ తిరిగి వెళ్ళాను, సరిగ్గా చెప్పు!"

ఒక్క ముక్క అర్థం కాని ముప్పై మంది
బల్లలు చరుస్తూ పడిపోయారు.
నా పెన్సిలు ఎక్కడ పడిందో మరి.

తిరుగుదారిలో అమ్మ సగం కూలి అడిగింది.
నవ్వు తనదేనంది.
వాడు జేబులోంచి టోకెను తీసి చేతిలో పెట్టాడు.
కారు దీపాల కింద అక్షరాలు వచ్చాయి, నెమ్మదించాను.
వెనక సీట్లో, వెలుతురుకెత్తి పట్టి చూసి,
"ఇలాంటివి ఇంట్లో డబ్బాడున్నాయి కదరా" అంది.