ఏటి సంగతి

మా శ్రీకాకుళంలో
ప్రశ్నకీ నదికీ ఒకటే మాట.
"ఏటి?" అంటే ఏమిటని.
ఏటి ఒడ్డు, ఏటి ఇసక, ఏటి గాలి అంటే
నాగావళి.
కౌన్సిల్ సమావేశాల మినిట్స్ రాసే నాకు
పదకొండేళ్లుగా ఇదే తకరారు.

పద్నాలుగో అంశం చదివాను:
పాత వంతెన కింద చెత్త ఎత్తివేత, లక్షా ఎనభై వేలు.
"ఏటి?" అన్నారొకాయన చెవి దగ్గర చెయ్యి పెట్టి.
"ఏటిదేనండీ" అన్నాను.
హాలు నవ్వింది.
నవ్వులోనే అంశం వాయిదా పడింది.

పదిహేనో అంశం: ఒడ్డున పార్కు, కాలిపోయిన బోరు మోటారు.
మోటారు ఇంజనీరింగు వారిది.
చెత్త శానిటేషను వారిది.
మరి మొక్కలెవరివో తేల్చాల్సిన ఫైలు
మూడు బల్లల మీద మూడు ఎండాకాలాలు పడుకుంది.
దాని ట్యాగు మొనకి తుప్పు కూడా పట్టింది.

దాలమ్మకి ఈ పంపకాలు తెలీవు.
కాంట్రాక్టు మనిషి. మస్టర్లో వేలిముద్ర.
నాలుగు నెలల జీతం బాకీ.
ఐదింటికే మెట్లు దిగి
రెండు రంగు డబ్బాలు ముంచి పైకొస్తుంది.
నలభై ఒక్క మెట్లు.
లెక్కపెట్టింది నేను, ఎక్కింది తను.

ముంచేముందు
నిద్రపోయే పిల్ల ముఖం మీది జుట్టు తప్పించినట్టు
నీటిమీది కవర్లని పక్కకి తోస్తుంది.
అందినవన్నీ గోనెలో కుక్కి
"ఈ పంటకి కోతేగాని నాటు లేదు బాబూ" అంటుంది.
నూరువరహాల వరసకి నాలుగు డబ్బాలు.
ఎవరో నాటి, ఫొటో దిగి, మరిచిపోయిన కానుగకి
సగం డబ్బా ఎక్కువ.

మే నెలలో ఏరు
వంతెన మూడో కానాకి జరిగిపోయింది.
మిగతా కానాల్లో కుర్రాళ్ల క్రికెట్టు.
దాలమ్మ ఇసకలో చెలమ తీసి
కొబ్బరి చిప్పతో తోడింది.
"మోటారు బాగయ్యేదాకా ఆగరాదా?" అన్నాను.
"మొక్క ఆగుతాదేటి?" అంది.
ఆ ఏటిని నేను రెండు రకాలుగానూ విన్నాను.

ఆగస్టులో, ఎక్కడో ఒడిశా కొండల మీద,
మూడు రోజులు వాన.
కంట్రోల్ రూములో రాత్రి డ్యూటీ నాది.
గంటకోసారి ఫోను: "ఏటి పరిస్థితి?"
ఆ ఒక్క రాత్రే
ఎవరూ నవ్వలేదు.

నలభై ఒక్క మెట్లూ
ఏరు ఒక్క రాత్రిలో ఎక్కేసింది.
గేటు వంచి లోపలికొచ్చింది.
పిల్లల ఉయ్యాల మీద కాసేపు కూచుంది.
కానుగ మొదట్లోని శిలాఫలకాన్ని మాత్రం
తనతో తీసుకుపోయింది.
మూడోనాడు దిగాక చూస్తే
పార్కంతా చీలమండ లోతు బురద.

నేను నష్టం అంచనా రాసుకుంటున్నాను.
దాలమ్మ ఓ పిడికెడు తీసి వాసన చూసింది.
"ఒండ్రు బాబూ. పైనుంచొచ్చింది. పారబోయించకండి."
ఎర్రమట్టి కొనడానికి పిలిచిన టెండరు
ఎవరూ రద్దు చెయ్యకుండానే చచ్చిపోయింది.
దసరాకల్లా
ఎండిపోయాయని నేనే జాబితాలో కొట్టేసిన మొక్కలు
మూడు చిగురు పెట్టాయి.
జాబితా దిద్దడానికి గడి లేదు.

ఆడిట్ వారడిగారు:
పార్కు బాగుపడినట్టు ఫొటోలున్నాయి,
వోచరు లేదు, బిల్లు లేదు, ఎవరివల్ల జరిగింది?
"ఏటి వల్ల" అని రాసి పంపాను.
కొత్త కమిషనరు గారిది వేరే జిల్లా.
ఎర్ర సిరాతో చుట్టి తిప్పి పంపారు:
ఏమిటి వల్ల? స్పష్టంగా రాయండి.

కాగితం నా బల్ల మీదే ఉంది.
దిద్దలేదు.
దాలమ్మ బాకీ ఆరు నెలలైంది.
మోటారు రాలేదు.
నీరు ఇంకా కాస్త పైనే ఉంది గనక
ఇప్పుడామెకి
ఇరవై రెండు మెట్లే.